గృహ పరామర్శ: తీగను చూడక ముందే మనిషిని నిందించవద్దు



ఈ శీర్షికలో ఇంతవరకు పిల్లల చదువు, అప్పులు, అత్తాకోడళ్ల సమాధానము, వృద్ధుల సంరక్షణ వంటి సంగతులు మాట్లాడుకొంటూ వచ్చాము. ఈ నెల సంగతి చూసి కొందరు ఆశ్చర్యపడవచ్చు. టీవీ పెట్టెకు వచ్చే నెట్ వైరు పనిచేయకపోతే ఇంట్లో ఏమి చేయాలి? ఇదే ఈ నెల సంగతి. ఇది పాస్టరుగారు వ్రాయవలసిన విషయమా అనుకోవద్దు. ఒక చిన్న తీగ మూలంగా తండ్రికీ కూతురికీ మాటలు లేకుండా పోయినప్పుడు అది సంఘ కాపరి పనే అవుతుంది.

కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుండి ఒక సహోదరి నాకు ఉత్తరం వ్రాశారు. ఆమె అనుమతితోనే, పేరూ ఊరూ చెప్పకుండా, అందులోని ముఖ్యమైన మాటలు ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యగారికి వందనాలు. మా ముందు గదిలో ఫైబర్ పెట్టె ఉంది. టీవీ మాత్రం మా అత్తగారి గదిలో ఉంది. ఆమెకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. ఆదివారం గుడికి రాలేరు గనుక పట్టణంలో జరిగే ఆరాధన టీవీలో చూసుకొంటారు. మా గోడలు మందం. వైఫై ఆ గదికి సరిగా అందదని వైరు లాగించాము. మూడు వారాల నుండి టీవీ పెట్టెలో నెట్‌వర్క్ లేదు అని వస్తోంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అదే ఏదో నొక్కి పాడుచేసిందని మా ఆయన కోప్పడ్డారు, చెయ్యి కూడా చేసుకొన్నారు. అప్పటి నుండి అది వాళ్ల నాన్నతో మాట్లాడడం లేదు. కేబుల్ అతను వచ్చి, లైను బాగానే ఉంది, పెట్టె పోయిందన్నాడు. పెట్టెను షాపుకు తీసుకువెళితే, పెట్టె బాగానే ఉంది, లైనే బాగాలేదన్నారు. అత్తగారు ఆదివారం పూట ఆ నల్లటి టీవీ వైపు చూస్తూ పడుకొంటున్నారు. సాయంకాల ప్రార్థనకు కూడా అందరం కలిసి కూర్చోవడం లేదు. ఇంత చిన్న విషయానికి దేవునికి ప్రార్థన చేయవచ్చునా? చేస్తే ఏమని చేయాలి?"

ప్రియులారా, ఈ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నవి. ప్రార్థన చేయవచ్చునా అనేది ఒకటి. తీగను ఎలా బాగుచేసుకోవాలి అనేది రెండవది. ఆమె రెండవ ప్రశ్న అడగలేదు గాని, మొదటి దానికి జవాబు చెప్పాలంటే రెండవది కూడా చెప్పక తప్పదు.

ప్రార్థించినవాడే పరీక్షించాడు

యెరూషలేము గోడ కూలిపోయినదని విన్నప్పుడు నెహెమ్యా ఏమి చేసెను? కూర్చుండి ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. కిస్లేవు మాసములో మొదలైన ఆ ప్రార్థన నీసాను మాసములో రాజు ఎదుట నిలిచే వరకు, అంటే దాదాపు నాలుగు నెలలు సాగినది. అయితే యెరూషలేము చేరిన తరువాత ఆయన చేసిన మొదటి పని గమనించండి. ఎవరినీ పిలిచి తిట్టలేదు. ఈ గోడ ఎవరి నిర్లక్ష్యము వలన పడినదని విచారణ పెట్టలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, లోయ ద్వారము గుండా బయలుదేరి, పెంట ద్వారము, బుగ్గ గుమ్మము, ఇలా ఒక్కొక్క చోటికి వెళ్లి గోడను తన కండ్లతో పరీక్షించాడు. తానెక్కిన పశువు పోవడానికి దారి లేని చోట కూడా వెనుదీయక చూశాడు (నెహెమ్యా 2వ అధ్యాయము). ఆ తరువాతనే ప్రజలతో మాట్లాడి, కట్టుదము రండని పిలిచాడు. శత్రువులు బెదిరించినప్పుడు కూడా ప్రార్థన చేసి, అదే సమయములో కావలివారిని కూడా నిలిపాడు (4వ అధ్యాయము).

గనుక సహోదరీ, చిన్న విషయానికి కూడా తప్పక ప్రార్థన చేయవచ్చును. పోయిన ఒక్క నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లంతా ఊడ్చిన స్త్రీని మన ప్రభువే మనకు చూపించాడు (లూకా 15). అయితే ఆ స్త్రీ ఊడ్చినది ఇంటిని. ఎవరు తీశారని పిల్లలను వరుసగా నిలబెట్టినట్లు అక్కడ లేదు. ప్రార్థన చేయండి, తరువాత దీపము పట్టుకొని వెదకండి. ఈ రెండూ ఒకే విశ్వాసములోని పనులు.

తీగ మన పల్లెకు ఎలా వచ్చినది

వెదకాలంటే మొదట దారి తెలియాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ పథకాన్ని ప్రారంభించారు. ఆరంభంలో నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఆ తీగ లాగడం వలన మారుమూల పల్లెలకు కూడా త్వరగా చేరింది. ఆ తరువాత వేరే సంస్థల ఫైబర్ కూడా అనేక గ్రామాలకు వచ్చింది. ఎవరిదైనా ఇంట్లోని ఏర్పాటు ఇంచుమించు ఒకటే.

స్తంభం మీద నుండి ఇంట్లోకి వచ్చేది గాజు తీగ. దానిలోని పోగు వెంట్రుకంత సన్నం. దానిలో పోయేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగు ముందు గదిలోని ఫైబర్ పెట్టెలోకి వస్తుంది. ఆ పెట్టె వెలుగును విద్యుత్ సంకేతాలుగా మార్చి, కొంత వైఫైగా గాలిలోకి, కొంత లాన్ వైరు అనే రాగి తీగలోకి పంపుతుంది. ఆ లాన్ వైరు టీవీ పెట్టెకు వెళుతుంది. టీవీ పెట్టె నుండి హెచ్.డి.ఎం.ఐ. వైరు టీవీకి వెళుతుంది. ఇంతే దారి. స్తంభం, గాజు తీగ, ఫైబర్ పెట్టె, లాన్ వైరు, టీవీ పెట్టె, టీవీ అని వ్రేళ్ల మీద లెక్కించుకోండి. లోపం వీటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. నెహెమ్యా ద్వారము వెంట ద్వారము చూసినట్లు మనం కూడా వరుసగా చూసుకొంటూ పోవాలి.

నేను ఇంజనీరును కాను. మా సంఘములో ఈ పని చేసే యౌవనస్థుల వద్ద అడిగి నేర్చుకొన్నదీ, ఇండ్లలో కండ్లారా చూసినదీ వ్రాస్తున్నాను.

మొదటి ద్వారము: టీవీ తెర ఏమంటోంది?

తెర మీద నో సిగ్నల్ అని వస్తే అది నెట్ సమస్య కాదు. టీవీకీ పెట్టెకూ మధ్యనున్న హెచ్.డి.ఎం.ఐ. వైరు వదులైనదని గాని, టీవీ రిమోటులో సోర్స్ మారిపోయినదని గాని అర్థం. వైరును రెండు వైపులా తీసి మళ్లీ గట్టిగా పెట్టి, సోర్స్ బటన్ నొక్కి సరియైన హెచ్.డి.ఎం.ఐ. అంకె ఎంచుకోవాలి. పెట్టె మెనూ చక్కగా కనబడుతూ, నెట్‌వర్క్ లేదు అని మాత్రం వస్తే టీవీ బాగున్నట్లే. లోపం పెట్టెలో గాని దాని వెనుక గాని ఉన్నది.

రెండవ ద్వారము: ఫైబర్ పెట్టె దీపాలు

ఆ పెట్టె మీద చిన్న చిన్న దీపాలుంటాయి. పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారతాయి గాని ముఖ్యమైనవి నాలుగు. పవర్ దీపము వెలగకపోతే ప్లగ్గు, అడాప్టరు చూడండి. పాన్ అనే దీపము నిలకడగా పచ్చగా ఉంటే స్తంభం నుండి వెలుగు సరిగా వస్తోంది. లాస్ అనే దీపము ఎర్రగా కొట్టుకొంటూ ఉంటే గాజు తీగ ఎక్కడో తెగినది, లేక మరీ మెలితిరిగినది. అప్పుడు మీరు చేయగలిగింది ఆపరేటరుకు కబురు చేయడమే. ఆ గాజు తీగను ఊడదీయవద్దు, మడవవద్దు. దాని కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడవద్దు. అందులోని వెలుగు మన కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు. చిన్న పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

నాలుగవది లాన్ దీపము. టీవీ పెట్టె వైరు గ్రుచ్చిన రంధ్రానికి సంబంధించిన దీపము వెలుగుతూ, మినుకుమంటూ ఉండాలి. అది ఆరిపోయి ఉంటే ఆ వైరుకు అటువైపు ఎవరూ పలకడం లేదని అర్థం. ఆ మాటను మనస్సులో పెట్టుకొని ముందుకు పోదాము.

మూడవ ద్వారము: ఫోనుతో పరీక్ష

ఇంట్లో ఒక స్మార్ట్ ఫోను తీసుకొని, మొదట దానిలోని మొబైల్ డేటా ఆపివేయండి. ఇది మరచిపోతే పరీక్ష అంతా వృథా, ఎందుకంటే ఫోను తన సిమ్ము మీదనే నడుస్తూ మనలను మోసపుచ్చుతుంది. డేటా ఆపిన తరువాత ఫైబర్ పెట్టె దగ్గర నిలబడి వైఫై మీద ఏదైనా వీడియో తెరవండి. ఆడితే లైను బాగున్నది, ఫైబర్ పెట్టె బాగున్నది. ఆడకపోతే, ఈ నెల డబ్బు కట్టామా లేదా చూసుకొని, ఆ తరువాత ఆపరేటరుకు ఫోను చేయండి.

నాలుగవ ద్వారము: తీగ

చాలామంది చూడనిది ఇక్కడే. లాన్ వైరు పైకి ఒక్కటిగా కనబడుతుంది గాని లోపల ఎనిమిది సన్నని రాగి తీగలుంటాయి. రెండేసి కలిపి పేనిన నాలుగు జతలవి. బయటి అలజడి సంకేతాన్ని చెడగొట్టకుండా అలా పేనుతారు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో ఈ పేనిన జతకు పేటెంటు పొందాడు. ఇంట్లోని యంత్రాలు తీగ మీద ఒకదానితో ఒకటి మాట్లాడే ఈ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. 1973 మే 22న అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రాబర్ట్ మెట్‌కాఫ్ దానిని వివరిస్తూ ఒక పత్రం వ్రాశాడు. ఒంటిగా నున్న తీగ కంటె పేనిన తీగ అలజడికి నిలుస్తుంది. ప్రసంగి 4వ అధ్యాయములోని మూడు పేటల త్రాటి సంగతి మీకు గుర్తుకు వచ్చే ఉంటుంది.

ఇక పరీక్ష చూడండి. వైరు కొనకు ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంటే అది రంధ్రంలో నిలవదు. పెట్టినప్పుడు టిక్కుమని శబ్దం రావాలి. రెండు వైపులా తీసి మళ్లీ పెట్టండి. తరువాత ఫైబర్ పెట్టె వెనుక వేరే లాన్ రంధ్రంలోకి మార్చి చూడండి. అయితే కొందరు ఆపరేటర్లు టీవీ ఛానళ్లకు ఒక రంధ్రాన్ని ప్రత్యేకంగా కేటాయిస్తారు. గనుక మార్చకముందు మొదట ఏ రంధ్రంలో ఉన్నదో గుర్తుపెట్టుకోండి.

అన్నిటికన్నా తేట అయిన పరీక్ష ఒకటున్నది. టీవీ పెట్టెనే, వీలైతే టీవీతో సహా, ముందు గదిలోకి తెచ్చి, పెట్టెతో వచ్చిన పొట్టి వైరుతో గాని ప్రక్కింట్లో అడిగి తెచ్చిన వైరుతో గాని ఫైబర్ పెట్టెకు కలపండి. అక్కడ పనిచేస్తే ఫైబర్ పెట్టె మంచిదే, టీవీ పెట్టె మంచిదే. పాడైనది గది నుండి గదికి లాగిన పొడుగు వైరే.

ఆ వైరు ఎక్కడ పాడవుతుంది? మన ఇండ్లలో ఎలుకలు కొరుకుతాయి. తలుపు సందులో, కిటికీ రెక్క క్రింద నలుగుతుంది. బయట గోడ మీద లాగితే ఎండకు తొడుగు పగులుతుంది, వానకు నీరు దిగుతుంది. మొదటి నుండి చివర వరకు చేతితో తడుముతూ చూడండి. తెగిన చోట కరెంటు వైరులాగా మెలిపెట్టి టేపు చుట్టితే పనికిరాదు. పొడవు చాలితే పాడైన ముక్క కోసివేసి కొత్త కొన వేయించవచ్చు, లేకపోతే వైరే మార్చాలి. కొన వేయించేటప్పుడు రెండు వైపులా రంగుల వరుస ఒకటే ఉండాలి. సాధారణంగా వేసే వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైరుతో కలిపి కట్టకుండా కొంచెం ఎడంగా లాగాలి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు రెండు పెట్టెల ప్లగ్గులూ తీసివేయండి. గాజు తీగ పిడుగును మోయదు గాని రాగి తీగ మోస్తుంది.

అయిదవ ద్వారము: మేలుకొలిపే వరుస

తీగ బాగున్నా నెట్ రాకపోతే రెండు పెట్టెలనూ ఆర్పండి. ఒక నిమిషం ఆగి ఫైబర్ పెట్టెను ముందు వేయండి. దాని దీపాలు నిలకడగా వెలిగే వరకు మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఆ తరువాతనే టీవీ పెట్టెను వేయండి. ఈ వరుస ఎందుకంటే, ఇంట్లోని ప్రతి యంత్రానికి ఒక అంకెను ఇచ్చేది ఫైబర్ పెట్టే. ఇంటి నంబరు లేనిదే పోస్టుమాన్ ఉత్తరం ఇవ్వలేనట్లు, ఆ అంకె లేనిదే టీవీ పెట్టెకు ఏదీ రాదు. ఇచ్చేవాడు మేలుకొనక ముందే అడిగేవాడు లేస్తే, అడిగినవాడు కొన్నిసార్లు వట్టి చేతులతో మిగిలిపోతాడు.

టీవీ పెట్టె సెట్టింగులలో నెట్‌వర్క్ అనే చోట ఆ అంకె కనబడుతుంది. అది 192.168 అని మొదలైతే సాధారణంగా అంకె అందినట్లే. 169.254 అని మొదలైతే ఫైబర్ పెట్టె నుండి ఏమీ అందలేదు, టీవీ పెట్టె తనకు తానే పేరు పెట్టుకొన్నది. అలాంటప్పుడు ఆ సెట్టింగు ఆటోమేటిక్‌లో ఉన్నదో లేదో చూడండి, తీగను మరొకసారి చూడండి. అంకె ఉండి కూడా యూట్యూబ్ వంటివి తెరుచుకోకపోతే పెట్టెలో తేదీ, గంట సరిగా ఉన్నవో చూడండి. తేదీ తప్పుగా ఉంటే చాలా యాప్‌లు తలుపు తీయవు.

ఇంత చూసిన తరువాత కూడా రాకపోతే ఆపరేటరును పిలవండి. అయితే ఊరికే నెట్ రావడం లేదనక, ఏ దీపం వెలుగుతోంది, ఏది ఆరింది, ఫోనులో వచ్చిందా, పొట్టి వైరుతో వచ్చిందా అని కాగితం మీద వ్రాసి చెప్పండి. గాలివానలో స్తంభాలెక్కే ఆ తమ్ముడు కూడా ఒక ఇంటి బిడ్డే. తేటగా చెబితే అతని పని తేలికవుతుంది, మీ పని త్వరగా అవుతుంది.

ఆ ఇంట్లో ఏమి జరిగినది

పైన వ్రాసిన సంగతులే కొంచెం క్లుప్తంగా ఒక కాగితం మీద వ్రాసి ఆ సహోదరికి పంపాను. దానితోపాటు ఒక మాట చేర్చాను. "కాగితం అమ్మాయి చదవాలి, పని వాళ్ల నాన్న చేయాలి, మీరు దీపము పట్టుకోవాలి" అన్నాను.

పది దినముల తరువాత జవాబు వచ్చినది. మొదట ఇద్దరూ ముభావంగానే కూర్చున్నారట. అమ్మాయి నేల వైపు చూస్తూ చదువుతుంటే తండ్రి మాటలాడకుండా చేస్తూ పోయాడు. పాన్ దీపము పచ్చగానే ఉన్నది. ఫోనులో వీడియో ఆడింది. టీవీ పెట్టె వైరుకు సంబంధించిన లాన్ దీపము మాత్రం ఆరి ఉన్నది. టీవీని, పెట్టెను ముందు గదికి తెచ్చి పొట్టి వైరు పెట్టగానే చక్కగా వచ్చింది. అంటే పెట్టె మంచిదే, లైను మంచిదే. ఇక పొడుగు వైరును తడుముకొంటూ పోయారు. గోడ వెంట, గడప మీదుగా, మంచం క్రిందికి పోయారు. అక్కడ మంచం కోడు సరిగ్గా వైరు మీద నిలిచి ఉన్నది. వైరు అప్పడంలాగా నలిగిపోయింది.

ఆ మంచం ఎవరు జరిపారు? తల్లికి టీవీ దగ్గరగా కనబడాలని మూడు వారాల క్రితం ఆ తండ్రే జరిపాడు. తల్లి మీది ప్రేమతో జరిపినదే. ఎవరూ కావాలని చేసిన తప్పు కాదు. కాని కూతురు చేయనిదానికి దెబ్బ తిన్నది.

ఆయన మంచం కోడు ఎత్తి, వైరు తీసి చేతిలో పట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాడట. తరువాత, "తప్పు నాదే తల్లీ, నిన్ను కొట్టకుండా ఉండవలసింది" అన్నాడు. అమ్మాయి ఏడ్చింది. మంచం మీది నానమ్మ కూడా ఏడ్చింది. మరునాడు కొత్త వైరు తెచ్చి, ఈసారి నేల మీద కాక గోడ పైభాగాన క్లిప్పులు కొట్టి లాగించారు. ఆదివారం నానమ్మతో కలిసి ఇల్లంతా ఆరాధన చూసి, ఆ తరువాత గుడికి వచ్చే వారు గుడికి వచ్చారు.

లోపము మధ్యలో ఉండవచ్చును

ప్రియ కుటుంబములారా, ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా ఆలోచించండి. కేబుల్ అతను లైను బాగున్నదన్నాడు, అది నిజము. షాపువారు పెట్టె బాగున్నదన్నారు, అదీ నిజము. ఎవరికి వారు తమ తమ వస్తువును చూసి నిజమే చెప్పారు. అయితే ఎదుటివానిదే తప్పు అన్న మాట మాత్రం ఇద్దరూ చూడకుండా అన్నదే. రెండింటికీ నడుమనున్న తీగను ఎవరూ చూడలేదు, ఏలయనగా అది ఇద్దరి బాధ్యతా కాదు.

మన ఇండ్లలోని కలహములు ఎక్కువ భాగము ఇట్టివే. అత్త మంచిదే, కోడలు మంచిదే. తండ్రి మంచివాడే, బిడ్డ మంచిదే. మధ్యలోని మాట తెగిపోయినది. ఏదో ఒక బరువు, ఎవరో ప్రేమతో జరిపిన మంచమే కావచ్చు, ఆ మాట మీద నిలిచిపోయినది. ఇద్దరూ ఎదుటివారు పాడైపోయారని తీర్పు తీరుస్తారు గాని, మధ్యను వంగి చూడరు. ఏదెను తోటలో ఆదాము తన భార్య మీద, ఆమె సర్పము మీద నింద మోపిన దినము నుండి ఈ అలవాటు మన రక్తములో ఉన్నది. అందుకే మన ప్రభువు, బలిపీఠము దగ్గరకు అర్పణ తెచ్చినవాడు సహోదరునితో ఏదైనా ఉన్నదని జ్ఞాపకము వస్తే అర్పణ అక్కడే విడిచి మొదట సమాధానపడవలెనని బోధించాడు (మత్తయి 5). దేవునితో మన సంబంధము మాత్రము తెగినది మన పాపము వలననే, ఆయనలో ఏ లోపమూ లేదు. అయినను దానిని బాగుచేయుటకు ఆయనే ముందుగా దిగివచ్చాడు. అట్టి దేవుని బిడ్డలము గనుక, నేను ముందు వంగుతాను అనుటకు మనకు సిగ్గు ఎందుకు?

తండ్రులతో ఒక మాట. పరీక్షించక ముందే బిడ్డ మీద చెయ్యి ఎత్తవద్దు. బిడ్డలకు కోపము రేపవద్దని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయము హెచ్చరించునది తండ్రులనే. తీగ మార్చడానికి కొద్ది రూపాయలు చాలును. దెబ్బ తిన్న మనస్సు మార్చడానికి ఏండ్లు పట్టవచ్చును.

అలాగే సంఘమంతటికీ ఒక మాట. మంచం పట్టినవారికి టీవీలోని ఆరాధన ఒక మేలు. నడవగలిగినవారికి అది సంఘకూటమునకు బదులు కాదు. మంచం మీది వారికైనను తెర ఒక్కటే చాలదు. తెర వారి చెయ్యి పట్టుకోలేదు, ప్రభువు బల్లను వారి యొద్దకు తేలేదు. మీ వీధిలో ఇట్టి వృద్ధులుంటే ఈ నెల ఒక్కసారైనా వెళ్లండి. వెళ్లినప్పుడు వారి టీవీ వైరు కూడా ఒకసారి చూసి రండి.

ఈ నెల కుటుంబముగా చేయవలసినవి

ఒక సాయంకాలము నెహెమ్యా 2వ అధ్యాయము అందరూ కలిసి చదవండి. మీ ఇంటి నెట్ దారిని పిల్లల చేత కాగితం మీద గీయించండి. బాగున్న దినమున ఫైబర్ పెట్టె మీద ఏ దీపాలు ఎలా వెలుగుతున్నవో దాని క్రింద వ్రాయించి, పెట్టె ప్రక్కన గోడకు అంటించండి. బాగున్నప్పటి రూపము తెలిసినవారికే బాగులేనప్పుడు తేడా తెలుస్తుంది. తరువాత మంచాలు, బీరువాలు, తలుపులు ఏ తీగ మీదనైనా నిలిచి ఉన్నవేమో చూడండి. చివరిగా, ఇంట్లో ఎవరి మీదనైనా విచారించకుండా మోపిన నింద ఉంటే, ప్రార్థనకు కూర్చొనక ముందే వెళ్లి దానిని తీసివేయండి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా ఇంట్లో ఏది తెగినదో చూచుటకు మాకు వెలుగు నిమ్ము. నిందించే తొందర తీసివేసి, వంగి వెదకే ఓర్పు మాకు దయచేయుము. మంచం పట్టినవారిని, వారికి సేవచేయువారిని ఆదరించుము. మా మధ్య తెగిన మాటలను నీవే తిరిగి కలుపుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.